నలుగురూ వాడే తక్‌పట్టీ ఫైలులో మాక్రోలను దాచడం, చూసుకోవడం

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణం. తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలు, రాయడానికి మీరే ఎక్సెల్‌లో ఒక ఫైలు తయారుచేశారు. నలుగురు గుమస్తాలు అదే వాడుతున్నారు. ఆల్ట్ మీటతో ఎఫ్8 నొక్కితే పదకొండు మాక్రోల (ఒక్క నొక్కుతో వరుసగా పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాముల) పేర్లు వరుసగా కనిపిస్తున్నాయి. కొత్తగా చేరిన అబ్బాయి ఏదో చూద్దామని అందులో ఒకటి నడిపాడు. పొద్దుటి నుంచి ఎక్కించిన మిర్చి బస్తాల తూకాలన్నీ చెరిగిపోయాయి. ఈ పేర్లు ఎవరికీ కనిపించకుండా దాచడం ఎలా, పాస్‌వర్డ్ పెడితే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. సేఠు గారు తన ఫోనులో ఆ ఫైలు తెరిస్తే బటన్లు పనిచేయడం లేదని కూడా రాశారు.

ఇరవై ఏళ్లుగా ఓరుగల్లు, పరకాల, జమ్మికుంట వైపు అడ్తి దుకాణాలకు, జిన్నింగ్ మిల్లులకు ఈ పనే చేస్తున్నాను. దాచడం ఐదు నిమిషాల పని, అది చెబుతాను. అయితే మీ తూకాలు పోవడానికి కారణం పేరు కనిపించడం కాదు. అడగకుండా, నకలు తీసుకోకుండా చెరిపేసే మాక్రో ఒకటి ఆ ఫైలులో ఉండడం. రేపు దాన్ని దాచినా, దానికి కట్టిన బటన్ మీద ఎవరి చేయి పడినా మళ్లీ అదే జరుగుతుంది. అందుకని ముందు దాని సంగతి, తర్వాత దాచే సంగతి.

మాక్రో షీటును మార్చిందంటే, వెనక్కి తీసుకునే కంట్రోల్ జడ్ జాబితా ఖాళీ అయిపోతుంది. చేత్తో చెరిపితే తిరిగి తెచ్చుకోవచ్చు, మాక్రో చెరిపితే తెచ్చుకోలేం. చాలామందికి ఇది నష్టపోయిన రోజునే తెలుస్తుంది. కాబట్టి తూకాలు చెరిపే మీ 'రోజు మొదలు' మాక్రోను ఇలా తిరగరాయండి. మొదట సేవ్‌కాపీయాజ్ అనే ఆదేశంతో ఫైలు నకలు ఒకటి వేరే ఫోల్డరులో పడాలి. తెరిచి ఉన్న ఫైలును కదపకుండా, ఇంకా సేవ్ చేయని అంకెలతో సహా నకలు తీసే ఆదేశం అది. నకలు పేరులో తేదీ, గంట, నిమిషం ఉండాలి. ఏటవాలు గీత, రెండు చుక్కల గుర్తు విండోస్ ఫైలు పేర్లలో చెల్లవు కనుక తేదీని అడ్డగీతలతో రాయించండి. ఆ నకలు నిజంగా పడిందో లేదో డిర్ ఆదేశంతో మాక్రోయే చూసుకోవాలి. పడకపోతే అక్కడే ఆగిపోవాలి. పడితే, 'ఇవాళ 143 వరుసలు ఉన్నాయి, చెరిపేయాలా' అని ఆ పూట వరుసల లెక్క చూపించి అడగాలి. అంకె కళ్లబడితే చేయి ఆగుతుంది. ఉత్త 'సరేనా' అని అడిగితే అందరూ చదవకుండానే సరే నొక్కుతారు.

చెరిపేటప్పుడు కూడా క్లియర్‌కంటెంట్స్ మాత్రమే వాడండి, అదీ గుమస్తాలు అంకెలు ఎక్కించే గళ్లకే. వరుసలను డిలీట్ చేస్తే వాటి మీద ఆధారపడిన ఫార్ములాలన్నీ విరిగి తప్పు గుర్తులు చూపిస్తాయి. ఉత్త క్లియర్ వాడితే గీతలు, తేదీల తీరు కూడా ఎగిరిపోతాయి.

ఇక దాచడం. ఎఫ్8 జాబితాలో కనిపించేవి ఏవంటే, పబ్లిక్‌గా ఉండి, బయటి నుంచి ఏ విలువా అడగని సబ్‌లు (కోడులో ఒక్కొక్క మాక్రోను సబ్ అంటారు). మామూలు మాడ్యూల్ (కోడు రాసే పేజీ) పైన మొదటి వరుసలో 'ఆప్షన్ ప్రైవేట్ మాడ్యూల్' అని ఒక్క మాట రాస్తే, ఆ మాడ్యూల్‌లోని సబ్‌లన్నీ జాబితా నుంచి మాయమవుతాయి. కానీ అదే ఫైలులోని మిగతా మాడ్యూళ్లు వాటిని ఎప్పటిలాగే పిలవగలవు. మీ అవసరానికి ఇదే సరైనది. ఒక్కొక్క సబ్ ముందు 'ప్రైవేట్' అని రాసినా పేరు కనిపించదు, అయితే అప్పుడు పక్క మాడ్యూల్ కూడా దాన్ని నేరుగా పిలవలేదు. పదకొండు మాక్రోలు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయన్నారు కనుక అలా చేస్తే ఫైలు మధ్యలో ఆగుతుంది. షీటు వెనుక, ఫైలు వెనుక ఉండే మాడ్యూళ్లలో మాత్రం ఆ ఆప్షన్ మాట చెల్లదు, అక్కడ ప్రైవేట్ అనే రాయాలి. బటన్లకు మాక్రోలను ముందే కట్టేసి, ఆ తర్వాత ఈ వరుస చేర్చండి. తర్వాత కొత్త బటన్ కట్టాలంటే జాబితాలో పేరు ఉండదు, చేత్తో టైపు చేయాలి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. పేరు తెలిసినవారు ఆ పెట్టెలో పేరు టైపు చేసి నడపగలరు. ఇది తాళం కాదు, తలుపు మీద వేసిన తెర. కొత్త అబ్బాయి పొరపాటును ఆపడానికి తెర చాలు.

షీట్ల విషయంలోనూ అంతే. కుడి బటన్ నొక్కి దాచిన షీటును ఎవరైనా అదే దారిలో బయటికి తీస్తారు. ఆల్ట్ ఎఫ్11 తో మాక్రోలు రాసే ఎడిటర్ తెరిచి, షీటు మీద నిలబడి, ఎఫ్4 నొక్కితే కింద గుణాల పట్టిక వస్తుంది. అందులో విజిబుల్ దగ్గర వెరీ హిడెన్ ఎంచుకుంటే, ఆ షీటు బయటికి తీసే జాబితాలో కూడా కనిపించదు. గ్రామాల పట్టిక, వరుస నంబర్ల షీటు లాంటివి అక్కడ పెట్టండి. పాస్‌వర్డులు, సేఠు గారి సొంత ఖాతాలు పెట్టకండి. మరో ఫైలులోంచి ఒక ఫార్ములా రాసి ఆ గళ్లను చదవవచ్చు.

దాచకూడనిది కూడా ఒకటి ఉంది. దీన్ని గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. తక్‌పట్టీ అంటే రైతు చేతిలో పెట్టే కాగితం. బస్తాలు ఎన్ని, తూకం ఎంత, ధర ఎంత, అడ్తి ఎంత, హమాలీ ఎంత, దడువాయి (తూకం వేసేవారి కూలి) ఎంత, చాట కూలి ఎంత, చేతికి వచ్చేది ఎంత. ఈ కోతల లెక్క మాక్రో లోపల ఉండకూడదు. రేట్లు కనిపించే షీటులో, తేదీతో సహా ఉండాలి. లెక్క గడిలో ఫార్ములాగా ఉండాలి. ఎవరైనా రైతు 'ఈ అంకె ఎలా వచ్చింది' అని అడిగితే గుమస్తా ఆ గడి మీద క్లిక్ చేసి చూపించగలగాలి. గడికి తాళం వేయండి, మార్చకుండా ఉంటుంది. ఫార్ములాను మాత్రం దాచకండి. యంత్రాన్ని దాచుకోవచ్చు, లెక్కను దాచే హక్కు మనకు లేదు.

లెక్క మాక్రోలో వద్దనడానికి ఇంకో కారణం ఉంది. షీటులోని రౌండ్ ఫార్ములా, మాక్రో భాషలోని రౌండ్ ఒకటి కావు. మొత్తం 12,344.50 వచ్చిందనుకోండి. షీటు దాన్ని 12,345 చేస్తుంది. మాక్రోలోని రౌండ్ 12,344 చేస్తుంది. సరిగ్గా అర్ధ రూపాయి మిగిలినప్పుడు అది దగ్గరి సరిసంఖ్య వైపు వెళ్తుంది. తెర మీద ఒక అంకె, అచ్చులో ఒక అంకె. రూపాయే కావచ్చు, కానీ కాగితం పట్టుకున్న రైతుకు మన మాట మీద నమ్మకం పోవడానికి ఆ రూపాయి చాలు. మాక్రోలో తప్పనిసరిగా సవరించాల్సి వస్తే అప్లికేషన్ డాట్ వర్క్‌షీట్‌ఫంక్షన్ డాట్ రౌండ్ అని పిలవండి, అది షీటులాగే లెక్కిస్తుంది.

పాస్‌వర్డ్ సంగతి. ఎడిటర్‌లో టూల్స్ కింద ప్రాజెక్టు గుణాలలోకి వెళ్లి, ప్రొటెక్షన్ పేజీలో చూడకుండా తాళం వేసే గడికి టిక్కు పెట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, ఫైలు సేవ్ చేసి మూసి మళ్లీ తెరవాలి. మూసి తెరిచేదాకా తాళం పడదు. చాలామంది ఇక్కడే 'పనిచేయలేదు' అనుకుంటారు. ఇది గట్టి తాళం కాదు. పట్టుదల ఉన్నవాడు తీయగలడు. అయినా వేయండి, గుమస్తాలు పొరపాటున కోడు వరుసలను మార్చకుండా ఆపుతుంది. పేర్ల జాబితాను మాత్రం ఈ తాళం దాచదు. కోడును చూపించదు, అంతే. మీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి కనుక విడదీసి చెబుతున్నాను.

ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, సేఠు గారి ఇనప్పెట్టెలో ఉంచండి. ఒక దుకాణంలో ఫైలు చేసిచ్చిన మనిషి ఊరు మారాడు, నంబరు మారింది. మిర్చి సీజను నడుమ కూలి రేటు మారితే, ఆ రేటు కోడు లోపల రాసి ఉంది, తాళం తీసేవారు లేరు. పది రోజులు గుమస్తాలు ప్రతి తక్‌పట్టీ మీద ఆ ఒక్క అంకెను పెన్నుతో కొట్టేసి రాశారు. ఫైలు మనం చేసినా అది దుకాణం సొత్తు. మనం లేని రోజున కూడా అది నడవాలి.

అసలు నా సలహా ఏమిటంటే, కోడును, అంకెలను ఒకే ఫైలులో ఉంచకండి. ఇప్పుడు మీ దగ్గర ఒక ఫైలు నాలుగు నకళ్లుగా ఉంది. ఒక తప్పు దిద్దాలంటే నాలుగు చోట్ల దిద్దాలి, ఒకటి మరిచిపోతారు. మాక్రోలన్నీ ఒక యాడ్‌ఇన్‌గా, అంటే ఎక్సెల్‌కు అదనంగా తగిలించే, చివర ఎక్స్‌ఎల్‌ఏఎం ఉండే ఫైలుగా సేవ్ చేసి, అందరికీ అందే ఫోల్డరులో పెట్టండి. ప్రతి కంప్యూటరులో దాన్ని చేర్చేటప్పుడు 'మీ ఫోల్డరులోకి నకలు తీయాలా' అని ఎక్సెల్ అడిగితే వద్దని చెప్పండి. అప్పుడు అందరూ అదే ఒక్క దాన్ని చదువుతారు. యాడ్‌ఇన్ లోపలి మాక్రోలు ఎఫ్8 జాబితాలో అసలు కనిపించవు. మీరు కోరిన దాపరికం అడగకుండానే వస్తుంది. తక్‌పట్టీ ఫైలులో మిగిలేది బటన్ కింద రెండు వరుసల చిన్న మాక్రో మాత్రమే. అది అప్లికేషన్ డాట్ రన్ ద్వారా యాడ్‌ఇన్‌లోని అసలు మాక్రోను పిలుస్తుంది, తన ఫైలు పేరును దానికి అందిస్తుంది.

ఫైలు పేరు అందించమనడానికి కారణం ఉంది. కోడులో 'దిస్‌వర్క్‌బుక్' అని రాస్తే, అది కోడు ఏ ఫైలులో ఉందో ఆ ఫైలు. కోడును యాడ్‌ఇన్‌లోకి మార్చాక ఆ మాట యాడ్‌ఇన్‌నే సూచిస్తుంది. తూకాలు వెళ్లి కనిపించని ఫైలులో పడతాయి. 'యాక్టివ్‌వర్క్‌బుక్' అంటే ఆ క్షణాన ముందున్న ఫైలు, గుమస్తా మరో ఫైలు తెరిచి ఉంటే అదీ తప్పే. పేరు చెప్పి అందించడమే నిలకడైన దారి.

అంకెలు తప్పు ఫైలులో పడితే ఎంత చిక్కు వస్తుందో నేను ఒక జిన్నింగ్ మిల్లులో చూశాను. పత్తి సీజను మొదట్లో కొత్త ఫైలు పెట్టారు. పాత ఏడాది ఫైలులోంచి ఒక షీటును, బటన్లతో సహా, కొత్తదానిలోకి నకలు చేశారు. బటన్‌ను అలా తీసుకువస్తే అది పాత ఫైలులోని మాక్రోకే కట్టి ఉంటుంది. నొక్కినప్పుడు పాత ఫైలు తనంతట తానే తెరుచుకుంటుంది. ఆపరేటరుకు తెర ఒకసారి మిణుకుమంది, అంతే. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా దిగిన బండ్ల తూకాలన్నీ పాత ఏడాది ఫైలులో చేరాయి. బయటపెట్టింది ఒక రైతు. తన చేతిలోని చీటీని, పక్కాయన పొద్దున తీసుకున్న చీటీని పక్కపక్కన పట్టుకుని, 'నాది వేల నంబరు, ఈయనది వందల నంబరు, ఒక్క రోజే ఎట్లా' అని కిటికీ దగ్గర అడిగాడు. ఆ రాత్రి పది దాటేదాకా కూర్చుని వరుసలు వెనక్కి తెచ్చాం. మీరు కూడా ఇప్పుడే ఒక్కొక్క బటన్ మీద కుడి క్లిక్ చేసి, అసైన్ మాక్రో తెరిచి చూడండి. పేరు ముందు ఇంకో ఫైలు పేరు, ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటే అది తప్పు చోటికి కట్టి ఉన్నట్టు.

ఖాళీ తక్‌పట్టీ ఫైలును ఎక్స్‌ఎల్‌టీఎం రకంగా, అంటే మాక్రోలున్న టెంప్లేటుగా సేవ్ చేయండి. రెండుసార్లు నొక్కితే అసలు తెరుచుకోదు, దాని కొత్త నకలు తెరుచుకుంటుంది. రోజుకు, కౌంటరుకు ఒక ఫైలు. అప్పుడు 'చెరిపే' మాక్రో అవసరమే సగం తీరిపోతుంది. ఆ నకలును సేవ్ చేసేటప్పుడు మాత్రం ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం రకం ఎంచుకోవాలి. మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకంలో మాక్రోలు నిలవవు.

ఫైలును మెయిలులో పంపుకుంటే ఇంకో చిక్కు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి తానే ఆపేస్తోంది. పైన ఎర్ర పట్టీ వస్తుంది, అనుమతించే బటనే ఉండదు. ఫైలును మూసి, దాని మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కింద అన్‌బ్లాక్ గడికి టిక్కు పెట్టాలి. మీరు చేసిన ఫైలుకే ఇలా చేయండి. అన్ని మాక్రోలనూ అనుమతించమని కంప్యూటరు అమరికనే మార్చేయకండి. బ్యాంకు పని, పన్నుల పని జరిగే కంప్యూటర్లు అవి. ఆ ఒక్క ఫోల్డరును నమ్మకమైన చోటుగా చేర్చడం మేలు. నెట్‌వర్కు ఫోల్డరైతే ట్రస్ట్ సెంటరులో నెట్‌వర్కు చోట్లను అనుమతించే గడికి వేరుగా టిక్కు పెట్టాలి.

ఇక తెలుగు. మీ సందేశాలన్నీ ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయని ప్రశ్న చివర ఒక ముక్క రాశారు. మనవాళ్లను ఎక్కువగా వేధించేది, ఎవరూ విడమరచి చెప్పనిది ఇదే. మాక్రోలు రాసే ఎడిటర్ యూనికోడ్‌ను (అన్ని భాషల అక్షరాలకూ ఒక్కొక్క నంబరు ఇచ్చే పద్ధతిని) పట్టుకోలేదు. అందులో తెలుగు అక్షరం అతికిస్తే ప్రశ్నార్థకం అవుతుంది. మెసేజ్ పెట్టె, ఎంఎస్‌జీబాక్స్ అంటామే, అదీ అంతే. అందుకని తెలుగు మాట ఒక్కటి కూడా కోడులో ఉండకూడదు. 'సందేశాలు' అని ఒక షీటు పెట్టి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క వాక్యం రాయండి. 'బస్తాల సంఖ్య రాయలేదు', 'ఈ తక్‌పట్టీ ఇప్పటికే అచ్చయింది', ఇలా. మెసేజ్ పెట్టెకు బదులు ఒక యూజర్‌ఫారం (మనమే గీసుకునే పెట్టె) చేసి, దాని మీది లేబుల్‌కు ఆ గడిలోని మాటను నడుస్తుండగా అందించండి. లేబుల్ తెలుగును చక్కగా చూపిస్తుంది. ఫారం పైపట్టీలో మాత్రం తెలుగు పెట్టవద్దు, అక్కడ మళ్లీ ప్రశ్నార్థకాలే. ఒకటి రెండు అక్షరాలే అవసరమైతే సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ (ChrW) అనే ఫంక్షన్ ఉంది. దానికి 3093 అందిస్తే 'క' వస్తుంది. వాక్యాలకు ఆ దారి వద్దు, ఎవరూ చదవలేరు.

షీటు ట్యాబుల మీద తెలుగు పేర్లు హాయిగా పెట్టుకోండి, గుమస్తాలకు అదే సులువు. కోడులో మాత్రం ట్యాబు పేరుతో కాక, గుణాల పట్టికలో బ్రాకెట్ల మధ్య 'నేమ్' అని ఉన్న వరుసకు ఎదురుగా కనిపించే కోడ్‌నేమ్‌తో పిలవండి. దీనితో ఇంకో లాభం ఉంది. ఎవరైనా 'తూకాలు' ట్యాబును 'తూకాలు కొత్త' అని మార్చినా మాక్రో ఆగదు. యాడ్‌ఇన్‌లో ఉన్న కోడు వేరే ఫైలు షీటును కోడ్‌నేమ్‌తో నేరుగా పిలవలేదు, ఒక్కొక్క షీటు కోడ్‌నేమ్ అడుగుతూ వెతకాలి. నాలుగు వరుసల పని. ఇలా చేసిన దుకాణాల్లో ఇంగ్లీషు సరిగా రాని గుమస్తాలు కూడా సందేశం చదివి తమంతట తామే తప్పు దిద్దుకోవడం చూశాను. తప్పులు తగ్గాలంటే మాక్రోలు దాచడం కన్నా ఇదే ఎక్కువ పని చేస్తుంది.

చిన్నవి రెండు. మాక్రో మధ్యలో ఈవెంట్లను (గడి మారడం లాంటివి జరగగానే మాక్రోను తనంతట తానే నడిపించే సంకేతాలను) ఆపే ఎనేబుల్‌ఈవెంట్స్ వాడితే, పొరపాటు వచ్చి ఆగినప్పుడు కూడా దాన్ని తిరిగి వెలిగించే దారి రాయండి, లేకపోతే ఎక్సెల్ మూసి తెరిచేదాకా ఆటోమేటిక్ మాక్రోలేవీ కదలవు. కోడు మార్చిన ప్రతిసారీ మాడ్యూళ్లను ఎక్స్‌పోర్ట్ చేసి తేదీ పేరున్న ఫోల్డరులో పెట్టుకోండి.

సేఠు గారి ఫోను సంగతి. ఫోనులోని ఎక్సెల్ ఈ మాక్రోలను నడపదు. బ్రౌజరులో తెరిచే ఎక్సెల్ కూడా నడపదు. గూగుల్ షీట్స్‌లో ఈ భాషే చెల్లదు. మీ తప్పు ఏమీ లేదు, సరిచేయడానికీ ఏమీ లేదు. ఆయనకు కావలసింది సాయంత్రానికి ఎన్ని బస్తాలు దిగాయి, ఏ ధరకు పోయాయి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నదే కదా. తక్‌పట్టీలు ముగిసే మాక్రో చివర ఆ ఒక్క పేజీని పీడీఎఫ్‌గా తీసే వరుస చేర్చి, ఆ పీడీఎఫ్‌నే ఆయనకు పంపండి. అసలు ఫైలు దుకాణం కంప్యూటర్లు దాటి బయటికి వెళ్లనవసరం లేదు.